మూడు మిషన్లు, ఒకటే మెయిలు

ఉంగుటూరు సెంటర్లో రామలక్ష్మి టీ కొట్టు దగ్గర అచ్యుతరావు గారు నోరు విప్పారంటే స్టవ్వు మీద పాలు పొంగిపోయినా ఎవరూ చూడరు. కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఆయనది. బాగుచేసినవి తక్కువ, బాగుచేశానని చెప్పినవి ఎక్కువ. ఆవేళ పొద్దున్న పదింటికి ఆయన కంట పడింది దేవకుమారి, కొల్లేటి చేపల చెరువుల సొసైటీలో గుమస్తా. సొసైటీకి మూడు చోట్ల మూడు కంప్యూటర్లు, ఒక్కోటీ ఒక్కో రకం. పదకొండేళ్ళ మెయిళ్ళు మూడింట్లోనూ ఒకేలా కనిపించాలి. ఆ పని ఎవరికివ్వాలో తేల్చేది ఆవిడే. అది దక్కితే చుట్టుపక్కల చెరువుల ఆఫీసులన్నీ తన గుమ్మం ముందు నిలబడతాయని అచ్యుతరావు గారి ఆశ. మత్తయి ఆటో నిండేదాకా టీ తాగుదామని ఆవిడ ఆగింది. అంతే, ఈయన అందుకున్నారు.

"అదేం పెద్ద పనండీ మేడం గారూ! నల్లజర్లలో ఒక కోళ్ళఫారం ఆసామి, పేరెందుకులెండి, ఆయనకి ఇంట్లో విండోసు, ఫారంలో లైనక్సు, కామవరపుకోటలో కూతురి దగ్గర ఆపిలు. ఇంట్లో చదివేసిన మెయిలు ఫారంలో చదవనట్టే ఉంటుంది, ఫారంలో రాసిన జవాబు కూతురికి కనపడదు, రోజూ రభసే. నేనేం చేశానో తెలుసా? మెయిలు ప్రోగ్రాముకి ప్రొఫైలని ఒక సంచీ ఉంటుందండి. ఉత్తరాలు, అడ్రసులు, పాస్‌వర్డులు, దాని కాపరమంతా అందులోనే. ఆ సంచీని పెన్‌డ్రైవులో పడేసి, మూడు మిషన్లకీ 'ఇదిగో, ఇకనుంచి నీ సంచీ ఇదే' అని చూపించాను. పది నిమిషాలు!"

"పదే?" అంది రామలక్ష్మి, గ్లాసులు కడుగుతూ.

"అబద్ధమెందుకు, తొమ్మిది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముగ్గురూ ఒకేసారి తెరుస్తామన్నారు."

"ఒకేసారి రెండు చోట్ల తెరిస్తే మెయిళ్ళు పాడైపోతాయంటారు కదండీ?" అంది దేవకుమారి.

"అది మామూలువాళ్ళు చేస్తేనండీ!"

"ఉన్నది ఒక పెన్‌డ్రైవు, మిషన్లు మూడు చోట్ల. ఎలా గుచ్చారండీ మరి?" అన్నాడు మత్తయి.

"వైరు లాగానయ్యా! నల్లజర్ల నుంచి కామవరపుకోట దాకా, పామాయిలు తోటల మీంచి, ఒంటి చేత్తో! రెండో చేత్తో ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాను. ప్రొఫైలు ఎంత హుషారెక్కిందంటే కంప్యూటర్లు చాలక ఫారంలో కాటాలోకి దూరింది. కోడిని కాటా మీద పెడితే బరువు పడదు, మెయిలు పడుతుంది! కోడి రెక్క కొడితే పేజీ తిరుగుతుంది!"

"కోడి చదివేదా అండీ?" అంది రామలక్ష్మి.

"చదవడమా! అక్కర్లేనివి ముక్కుతో పొడిచి తీసేసేది. సరే, ఒకరోజు గాలివానకి వైరు తెగింది. ఇంకొకడైతే ఏడ్చేవాడు. నేను కొల్లేటి ఒడ్డున ఆటపాక పక్షుల చోటుకి వెళ్ళి ఒక పెలికాన్ కొంగని పట్టి, పెన్‌డ్రైవు దాని గొంతు సంచీలో వేశాను. సంచీలో సంచీ! పొద్దున్న నల్లజర్ల, మధ్యాహ్నం కామవరపుకోట, సాయంత్రానికి మళ్ళీ కొల్లేరు. వాలిన చోటల్లా మెయిళ్ళు దించుతుంది, ఎక్కించుకుంటుంది. విండోసయితేనేం, లైనక్సయితేనేం, కొంగకి అన్నీ ఒకటే! దాన్ని చూసి మిగతావీ నేర్చుకున్నాయి. ఆ యేడు కొల్లేరు మీద ఎగిరినవి కొంగలు కావండీ, మెయిళ్ళు!"

"మొన్న మా ఆటో మీద పడింది ఏ మెయిలండీ?" అన్నాడు మత్తయి. అందరూ ఘొల్లున నవ్వారు. అచ్యుతరావు గారు ఆగితేగా.

"నవ్వండి, నవ్వండి! అసలు సంగతి వినండి. స్పీడు పెరిగి పెరిగి, చివరికి మనం రాయని ఉత్తరాలకి కూడా జవాబులు రావడం మొదలెట్టాయి! ఆసామి 'గుడ్ల రేటెంత' అని రాద్దామనుకుంటాడు, వేలు మీటకి తగలకముందే రేటు వచ్చేస్తుంది. అంతెందుకండీ, ఈ జిల్లాలో ఎవరు ఎవరికి ఏం రాయబోతున్నారో నాకు ముందురోజే తెలిసిపోతుంది. అదీ మేడం గారూ మన చెయ్యి. మీ పదకొండేళ్ళ మెయిళ్ళు నా చేతుల్లో పెట్టి, మీరు హాయిగా నిద్రపోండి!"

దేవకుమారి గ్లాసు బల్ల మీద పెట్టింది.

"చాలా సంతోషమండీ. మొన్న సాయంత్రం నాలుగింటికి మీకొక మెయిలు పంపాను. ఏం రాశానో చెప్పండి."

అచ్యుతరావు గారు జేబులో ఫోను తీశారు. తిప్పారు. మళ్ళీ జేబులో పెట్టారు.

"ఫోనుకి మెయిలు ఇంకా కలపలేదండీ. కొట్లో కంప్యూటర్లో ఉంటుంది."

"చూశారా?"

"అదే... అది రిపేరులో ఉందండీ. తాడేపల్లిగూడెంలో ఇచ్చాను. వారమైంది."

ఆటో నిండిందని మత్తయి లేచాడు.

"మా చెరువుల పని మీకే ఇద్దామని రాశానండీ," అంది దేవకుమారి, ఆటో ఎక్కుతూ. "నిన్న పొద్దున్న ఎనిమిదింటిలోగా 'సరే' అని ఒక్క మాట రాస్తే చాలన్నాను. ఎనిమిదిన్నర దాకా చూసి, సాయంత్రానికల్లా మూడు మిషన్లకీ మెయిలు నేనే కలిపేసుకున్నాను."