తిరిగొచ్చిన బంతి

నందిగామ బస్టాండులో జగ్గయ్యపేట బస్సు కోసం చూస్తున్నారు ఇద్దరు. ఒకరు, టేబుల్ టెన్నిస్ జిల్లా సెలక్షన్లలో మొదటి ఆటకే ఓడిపోయిన సాయిప్రియ. రెండోవారు, బ్యాటు సరిగ్గా పట్టుకోవడమైనా రాకుండా, ఫోన్లో వీడియోలు చూసి ఆమెకి గురువైన తండ్రి, రామకోటేశ్వరరావు.

"వీడియోలో తప్పు లేదమ్మలూ. తప్పుంటే రెండు లక్షల మంది ఎందుకు చూస్తారు?"

"చూసినవాళ్ళంతా ఆడతారా నాన్నా?"

"ఆడకపోతే చూస్తారా?"

"నువ్వు చూడట్లా?"

"నా సంగతి వదిలెయ్. నేను స్టీలు సామాన్ల కొట్టువాణ్ణి. ఆయన తెల్లబోర్డు మీద గీతలు గీసి మరీ చెప్తాడు. నోటికొచ్చింది చెప్పేవాడైతే బోర్డు కొంటాడా?"

"బోర్డు ఎవరైనా కొంటారు నాన్నా."

"సర్వీసు ఆయన చెప్పినట్టే చేసావా, లేదా?"

"చేసా. అచ్చం అలాగే చేసా. బంతి పక్కకి తిరిగింది కూడా."

"మరి?"

"ఆ పిల్ల తిప్పికొట్టింది."

"ఎట్లా కొడుతుంది? ఆ సర్వీసు ఎవరూ తియ్యలేరన్నాడుగా!"

"తీసింది నాన్నా. మొదట్నించీ చివరిదాకా తీస్తూనే ఉంది. అప్పుడేం చెయ్యాలో ఆయన చెప్పలేదు. నువ్వూ చెప్పలేదు."

"నాకు తెలిస్తే చెప్పనా?"

"అసలు ఆ వీడియోలో అవతలి మనిషి కనపడడు, ఎప్పుడన్నా గమనించావా? ఈయన కొడతాడు, బంతి వెళ్తుంది, అక్కడితో కట్. తిరిగొచ్చిన బంతి ఒక్కటి కూడా చూపించడు."

"ఛ, ఎందుకు చూపించడు? ఉండు... ఇదిగో... ఇక్కడ... లేదే. ఇందులోనూ లేదు. ఇన్నాళ్ళూ నాకెందుకు కనపడలేదే?"

"నాకూ ఇవాళే తెలిసింది. బల్ల ముందు నిలబడ్డాక."

"సర్లే, పోనీ. ఈయన్ని వదిలేద్దాం. ఇంకొకాయన ఉన్నాడు, చైనా వెళ్ళి నేర్చుకున్నాట్ట. బ్యాటుని పెన్ను పట్టుకున్నట్టు పట్టుకోవాలంటాడు. రేపు పొద్దున్నించి మనం..."

"వద్దు నాన్నా."

"పూర్తిగా వినవే..."

"వద్దు. ముందు పట్టు మార్చావు. అది చేతికొచ్చేలోపు బ్యాటు మీది రబ్బరు మార్చావు. ఆ తర్వాత నిలబడే తీరు మార్చావు, మోకాళ్ళు పట్టేసాయి. ఎప్పుడు చూసినా మళ్ళీ మొదట్నించే. ఈ ఆర్నెల్లే కాస్త ఊపిరి పీల్చుకున్నా. నాకు అసలు ఆడటం వచ్చో రాదో కూడా తెలీట్లేదు."

"నీ మంచికే కదే! పేటలో నేర్పేవాడెవడున్నాడు? విజయవాడ పంపుదామంటే మీ అమ్మ ఒప్పుకోదు. నేనెవర్ని అడగను? ఎవడు చెప్పేది నిజమో నాకు మాత్రం ఎట్లా తెలుస్తుంది? బిందె అయితే వేలితో కొట్టి చూసి చెప్తా, మందమో పల్చనో. వీళ్ళని దేంతో కొట్టి చూడను?"

"తెలీనప్పుడు ఊరుకోవచ్చుగా."

"ఊరుకుంటే నువ్వేమైపోతావు? అందుకే కింద కామెంట్లు చదువుతా. ఈ సర్వీసు కూడా లక్ష్మీకాంత్ గారు రాసింది చూసే పట్టుకున్నా, తెలుసుగా. ముక్త్యాలలో సిమెంటు ఫ్యాక్టరీలో పనంట. 'మా అమ్మాయి దీంతోనే గెలిచిందండీ' అని రాసాడు. 'ఒక్కటి పట్టుకోండి, మాటిమాటికీ మార్చి పిల్లని చంపకండి' అన్నాడు. అందుకేగా ఆర్నెల్లు ఇంకేదీ ముట్టుకోలా నేను."

"ఊఁ."

"మంచాయనే. ఆ కామెంట్ల కిందే రోజూ ఇద్దరం రాసుకుంటాం. మొహం చూడకపోయినా సొంత మనిషిలాగా చెప్తాడు. ఆదివారం పిల్లకి సెలవివ్వమన్నాడు, ఇచ్చా. ఓడిపోతే దార్లో ఆట సంగతి ఎత్తొద్దన్నాడు."

"మరి ఎత్తావుగా."

"ఎత్తా. ఉండబట్టలేకపోయా. ఇవాళ నందిగామ వస్తానన్నాడు కూడాను. గేటు దగ్గర నిలబడి ఒక్కో మనిషినీ చూస్తున్నా, ఈయనేనా, ఈయనేనా అని. రాలేదు."

"డ్యూటీ పడుంటుంది. షిఫ్టులు కదా."

"షిఫ్టులని నీకెవరు చెప్పారు?"

"నువ్వే... నువ్వే ఎప్పుడో అన్నావు. నాన్నా, అదిగో బస్సు."

"అది విజయవాడ వెళ్ళేది. ఉండు, ఆయన్నే అడుగుతా. పట్టు మార్చమంటే మారుస్తా, వద్దంటే వద్దు. ఇంక ఆయన మాటే ఫైనలు."

"ఇప్పుడెందుకు? ఇంటికెళ్ళాక అడుగు."

"ఎంతసేపే? మైకు నొక్కి చెప్తే అదే రాసుకుంటుంది. 'లక్ష్మీకాంత్ గారూ, నమస్తే అండి. మా అమ్మాయి ఓడిపోయిందండి. సర్వీసు తిప్పికొట్టారండి. అప్పుడు మీ అమ్మాయి ఏం చేసేదో కాస్త చెప్పండి. నాకేం పాలుపోవట్లేదు. పట్టు మార్చమంటారా?' ఆఁ, వెళ్ళింది."

"నాన్నా, మంచినీళ్ళు తెస్తావా?"

"తెస్తా. నీ బ్యాగులో ఏదో మోగింది చూడు."

"క్లాసు గ్రూపు. ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది."

"మీ అమ్మేమో."

"అమ్మ కాదు."

"చూడకుండానే ఎట్లా చెప్తావు?"

"అమ్మయితే ఫోను చేస్తుంది నాన్నా. నీళ్ళు..."

"తెస్తానన్నాగా. ఈయన చూసాడో లేదో, ఇంకోసారి పెడతా. 'లక్ష్మీకాంత్ గారూ, ఉన్నారా అండి?'"

"నాన్నా, ఆపు."

"మళ్ళీ మోగింది."

"..."

"సాయీ. ఆ ఫోను ఇటివ్వు. వద్దులే. నీ దగ్గరే ఉంచుకో."

"నాన్నా, నేను చెప్తే నువ్వు ఎప్పుడూ వినవు... అందుకని..."

"ఉండు. మాట్లాడకు, మైకు నొక్కా. 'లక్ష్మీకాంత్ గారూ. అమ్మాయి పక్కనే కూర్చుని ఏడుస్తోందండి. పొద్దున్నించీ ఏమీ తిన్లేదు. అసలు దానికి ఈ ఆట ఇష్టమో కాదో నేనెప్పుడూ అడగలేదండి. ఇప్పుడు నేనడిగితే నాకోసం ఇష్టమనే అంటుంది. మీకైతే నిజం చెప్తుంది. మీరడిగి, ఏమందో నాకు రాయండి.'"