డబ్బాకే కండ్లు తిరిగినై

"యాభై దాటినోనికి గీ పని రాదన్నోడు ఎవడో, వాన్ని నా ముందరికి పట్కరా డానియేలన్నా! ఏ బాలకిషన్, జర కడక్‌గ ఒక చాయ్ పొయ్యి. చెప్పుడు మొదలుపెడుతున్న."

సాయంత్రం పూట, ఫలక్‌నుమా స్టేషన్ బయట బాలకిషన్ చాయ్ బండి కాడ బల్ల మీద సగం జాగ తనే పట్టి కూసున్నడు వైకుంఠం. ఇరవై రెండేండ్లు పాల డబ్బాల ట్రాలీ నడిపిన మనిషి. ట్రాలీ ఇంజను ఖతమైనంక రేవుల ఓడల సామాను దించే క్రేను నడిపే కొలువుకు అర్జీ పెట్టిండు. ఆ కంపెనీవోళ్ళు అసలు క్రేను అప్పుడే ఎక్కియ్యరు. ముందుగాల కండ్లకు ఒక డబ్బా కడ్తరు, దాంట్ల క్రేను కనబడ్తది, దాన్ని నడిపి చూపియ్యాలె. నాలుగు రోజులు నేర్పిండ్రు, రేపు పొద్దుగాల ఆఖరి పరీక్ష. పది నిమిషాలు డబ్బా తియ్యకుండ, కక్కకుండ నడిపితే కొలువు, లేకుంటే ఇంటికి. బల్ల ఆ చివరన రైల్వేల గ్యాంగ్‌మన్ పని చేసి రిటైరైన డానియేలు, ఆయన పక్కన, మేనమామైన ఆయన్నే చూడనీకి సైదాబాద్ నుంచి వచ్చిన బేబీ కూసున్నరు.

"మొదటి రోజు ముచ్చట ఇనుండ్రి. పొద్దుగాల్నే పత్తర్‌గట్టి పోయిన, రెండు ప్లేట్ల మటన్ నిహారీ, నాలుగు నాన్లు తిన్న. మొగోడు పనికి పోయేటప్పుడు కడుపు నిండుండాలె గదా! ఆడ అమల మేడం అని నేర్పేటామె ఉన్నది, మంచి పిల్లనే గని భయం జాస్తి. 'కడుపు తేలిగ్గ పెట్టుకొని రావాలె పెద్దమనిషీ, డబ్బా పెట్టుకుంటే కండ్లేమో పోతున్నం అంటయ్, చెవులేమో కదుల్తలేం అంటయ్, రెండిటికి లొల్లయి కడుపుల తిప్పుతది' అన్నది. మేడం, నా కండ్లు, నా చెవులు ఇరవై రెండేండ్లు ఒక్కటే ట్రాలీ మీద తిరిగినై, వాటి నడుమ లొల్లి పెట్టెటోడు ఇంక పుట్టలే అన్న. కుర్సీల కూసో అన్నది. నిలబడే నడుపుత అన్న. రెండు నిమిషాలు చాలు, జర తిప్పినట్టు కాంగనే తీసెయ్యి అన్నది. రెండు నిమిషాలేంది మేడం, రెండు నిమిషాలల్ల నేను మొఖం గూడ కడుక్కోను అన్న!"

"నిమ్మకాయ పట్కపోయినవా తమ్మీ?" అని అడిగిండు డానియేలు. "శ్రీశైలం బస్సుల ఘాట్ రోడ్డు పొడుగూత ముక్కు కాడ పెట్టుకున్నవ్ గదా."

"గది నీ కోసం పట్కొచ్చింది! నువ్వు అడగలే, నేను ఇయ్యలే, గంతే. నేను ట్రాలీ నడిపేటోన్ని, నాకెందుకు నిమ్మకాయ? మధ్యల అడ్డం రాకు. నాతోని ఐదుగురు పోరగాండ్లుండ్రి, అందరు ఇంజనీరింగ్ చదివినోళ్ళు, బూట్లు, టక్కులు. మొదటోడు డబ్బా పెట్టుకున్నడు, క్రేను గిట్ల తిప్పిండు, అయిపాయె. రెండోడు గోడ పట్టుకున్నడు. మూడోడు వాళ్ళమ్మకు ఫోన్ చేసిండు. ఆడున్న సారు నన్ను చూసి 'యాభై దాటినోళ్ళకు ఇంక కష్టం' అన్నడు. నాకు కోపం నెత్తికెక్కింది! కట్టుండ్రి డబ్బా అన్న. కట్టిండ్రు. అరగంట నడిపిన, చెమట గూడ పట్టలే. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?"

"చెప్పే, ఏమైంది?" అన్నడు బాలకిషన్, చాయ్ వడపోసుకుంట.

"పని అయిపోయింది! ఓడల ఉన్న ఇనుప పెట్టెలన్ని దించిన, ఇంక దించుదమంటే పెట్టెల్లేవు. ఊకె నిలబడుడెందుకని ఓడనే లేపిన."

"ఓడనా?"

"ఓడనే. లేపి ఒడ్డు మీద పెట్టిన. నీళ్ళు కారుతున్నయ్ దాని కిందికెళ్ళి, నా చెప్పులు తడిసిపోయినయ్."

"డబ్బాల కనబడే నీళ్ళకు నీ చెప్పులు తడిసినయా అన్నా?"

"తడిసినయ్ అంటున్న గదా! అబద్ధమైతే నా మీసం తీసేస్త. ఇంటికి పోయి ఆరబెట్టిన, మా ఇంటామె లలితమ్మను అడుగు. గప్పుడు అన్న, మేడం, గిదేం క్రేను, గాలిదుమారం పెట్టుండ్రి అని. ఆమె వద్దంటే నేను వింటనా? పెట్టిండ్రు. సముద్రం లేస్తున్నది, క్రేను ఊగుతున్నది, నేను ఒంటిచేత్తోని నడుపుతున్న, రెండో చెయ్యి నడుము మీద. గంట, రెండు గంటలు, నాలుగు గంటలు! మేడం ఏడుస్తున్నది, దిగు పెద్దమనిషీ అంటున్నది. దిగ. నాలుగు గంటలైనంక కండ్లు తిరిగినై."

"నీకా?" అన్నడు డానియేలు.

"నాకెందుకు తిరుగుతయ్? డబ్బాకు! డబ్బాకే కండ్లు తిరిగినై! దాంట్ల బొమ్మ ఇటు ఊగుతది, అటు ఊగుతది, కాలిపోతున్నది, గుర్రుగుర్రు అంటున్నది. అందరు పరేషాన్. ఉరికొచ్చి దాని ముందర ఫ్యాన్ పెట్టిండ్రు. నాకు పాపం అనిపిచ్చి జేబుల నిమ్మకాయ తీసి దానికి వాసన చూపెట్టిన."

"నిమ్మకాయ పట్కపోలే అంటివి గదనే?" అన్నడు బాలకిషన్.

"డబ్బా కోసం పట్కపోయిన! ఏమన్న అయితదని నాకు ముందే ఎరుక. అయినా అది ఆగలే. బకెట్ తెప్పిచ్చిండ్రు. బకెట్ల భళ్ళున కక్కింది డబ్బా. గంటకు జర్మనీ నుంచి ఫోను, మా డబ్బాను గింత తక్లీఫ్ పెట్టిన మనిషి ఎవరు, ఆయన ఫొటో పంపుండ్రి, మా ఆఫీసుల పెట్టుకుంటం అని! నాకేం ఫికర్ లేదు అన్నా. రేపు పరీక్ష నాకు గాదు, ఆ డబ్బాకు!"

ఇంతసేపు చాయ్ ఊదుకుంట ఇన్న బేబీ గిలాస పక్కన పెట్టింది.

"కాకా, ఆ డబ్బా గూడ నిహారీ తిన్నదా?"

వైకుంఠం గిర్రున ఆమె దిక్కు తిరిగిండు. "ఏంది బిడ్డా?"

"బకెట్ల నిహారీ ఉండె. నేనే కడిగిన. ఆడ ఊడ్చుడు, తుడుసుడు నాదే డ్యూటీ. నాకు నెత్తికి టోపీ, మూతికి మాస్కు, నీ కండ్లకు డబ్బా. నువ్వు నన్నెట్ల చూస్తవ్ కాకా? నాలుగు రోజుల సంది నేను నిన్ను చూస్తున్న. ఫ్యాన్ పెట్టింది గూడ నేనే, డబ్బాకు గాదు, నీకు. మొదటి రోజు ఒకటిన్నర నిమిషమే ఉన్నవ్. చెప్పులు తడిసింది మాత్రం నిజమే, నేను కడిగిన నీళ్ళకు."

బాలకిషన్ చేతిల ఉన్న చాయ్ వడపోసే జాలి గిన్నెల పడ్డది. డానియేలు నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నడు. వైకుంఠం తువ్వాల భుజాన ఏసుకొని లేచిండు, పోలే, ఆడనే నిలబడ్డడు. చెవులు ఎర్రగైనయ్.

"నవ్వకుండ్రి మామా," అన్నది బేబీ, జర గట్టిగనే. "ఆ ఐదుగురు పోరగాండ్లు రెండో రోజు రానే రాలే. కాకా ఒక్కడే వచ్చిండు. మల్ల కక్కిండు, మూతి కడుక్కొని మల్ల కట్టుండ్రి అన్నడు. నిన్న కుర్సీల కూసున్నడు, ఫ్యాన్ పెట్టనిచ్చిండు, మేడం చెప్పినట్టు క్రేను ముందరున్న కమ్మి మీదనే చూపు పెట్టిండు. ఏడు నిమిషాలున్నడు."

"ఏడున్నర," అన్నడు వైకుంఠం.

ఎవ్వరు నవ్వలే.

"సరే, ఏడున్నర. రేపు పది కావాలె కాకా. పొద్దుగాల పత్తర్‌గట్టి దిక్కు పోకు, రెండు ఇడ్లీలు తిని రా."

వైకుంఠం మల్ల బల్ల మీద కూసున్నడు. సల్లారిన చాయ్ ఒక్క గుక్కల తాగిండు, మీసం తుడుసుకున్నడు.

"వస్త. ఫ్యాన్ జర దగ్గరికి జరుపు బిడ్డా. బకెట్ మాత్రం పెట్టకు."