మిగిలిపోయిన కుప్ప

మాంసం పంపకంలో పేర్లు పిలవడానికి నన్నెందుకురా రమ్మంటున్నారు? చదువుకున్న కుర్రాళ్ళున్నారుగా. తాతకి గొంతు పోయిందని చెప్పు మీ కమిటీకి. గొంతుందిలే, అది కాదు... కూర్చో. ఫరూజా అత్త అని పై వీధిలో ఉండేది, నువ్వప్పటికి పుట్టలేదు. మొగుడు ఫ్రెంచివాళ్ళతో యుద్ధంలో పోయాడు. ఒక్కడే కొడుకు, బెలాయిద్. ఆ పాడు ఏళ్ళల్లో, అదే, కొండ మీద సర్కారుకి ఎదురుతిరిగిన గడ్డాలవాళ్ళూ రోడ్డు మీద సైన్యమూ, మధ్యలో మనమూ నలిగిన రోజుల్లో, వాడు పట్నం బస్సెక్కి మళ్ళీ రాలేదు. తుపాకీ పట్టి కొండెక్కాడని కొందరు, సైన్యమే పట్టుకుపోయిందని కొందరు. ఇప్పటికీ తెలీదు. కొండ దిగొచ్చినవాళ్ళకేమో తర్వాత సర్కారు క్షమాభిక్ష పెట్టింది. ఒకడు కింద బజార్లో ఫోన్ల కొట్టు కూడా పెట్టాడు, నీ ఫోనూ అక్కడిదేగా? సరేలే.

బెలాయిద్ మాయమైన ఏడు, దుక్కికి ముందు ఊరంతా పంచుకోడానికి మూడు ఎద్దుల్ని కోశాం. ఉన్నోడికీ లేనోడికీ ఒకటే మాంసం కుప్ప, ఎన్ని ఇళ్ళుంటే అన్ని, ఆకుల మీద వరసగా. నేను కాగితం లేకుండా ఇంటింటి పేరూ నోటికే పిలిచేవాణ్ణి, పొగరుగా. ఇద్దరు జవాన్లు గోడకానుకుని ఊరికే చూస్తున్నారు. అత్త పళ్ళెం పట్టుకుని ముందు వరసలో నిలబడింది. ఆవిడ పేరు నాలుక మీదకొచ్చింది. మింగేసి, పక్కింటి పేరు పిలిచాను. ఆవిణ్ణి పిలవొద్దని ఎవరూ చెప్పలేదురా నాకు. కమిటీ చెప్పలేదు, జవాన్లూ చెప్పలేదు. పెద్దలే వద్దన్నారని ఊరనుకుంది, నేనూ అనుకోనిచ్చాను.

పిలుపైపోయాక ఒక కుప్ప మిగిలింది. "ఇదెవరిది?" అన్నాడు ఊరి పెద్ద. అత్తే అంది, మెల్లిగా, "నాది కాదు నాయనా, మా ఇల్లు పిలవలేదుగా." ఖాళీ పళ్ళెం శాలువా కింద పెట్టుకుని పోయింది. జనమంతా పక్కకి జరిగి దారిచ్చారు గానీ, ఒక్కరూ ఆపలేదు. ఆ తర్వాత ఏ ఏడూ రాలేదు. ఆవిడ చనిపోయినప్పుడు పాడె మోసిన నలుగురిలో నేనూ ఉన్నా, సిగ్గులేకుండా.

ఆ కుప్పా? ఈగలు ముసురుతున్నాయి, ఎవరూ ముట్టుకోలేదు. నేనే ఇంటికి తెచ్చాను. ఎవరిదని మీ నాయనమ్మ అడిగింది, మిగిలిందన్నాను. గోధుమరవ్వ కుస్‌కుస్‌లోకి కూరగా వండింది. చిన్నపిల్లలు మీ నాన్నా, మీ మేనత్తా మూలుగ ఎముక కోసం కొట్టుకున్నారు. నేనూ తిన్నానురా. బాగుందని మళ్ళీ వడ్డించుకున్నాను కూడా.

టీ చల్లారిపోతోంది, తాగు.