మైకు బాగుచేసిన కన్వీనరు

మేళా ముగిసి తొమ్మిది రోజులైంది. కాలేజీ గేటు ఎదురుగా టీ కొట్టు బల్లమీద కన్వీనరు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. వర్ధమాన దేశాలు ఒకరికొకరు సాయపడాలని, ఒకరి ఇంజనీర్లకి ఇంకొకరు పని చూపించాలని విద్యార్థులే నడిపిన ఉద్యోగ మేళా అది. ఎంటెక్ చదివే ఇతనే దానికి కర్త, కర్మ, క్రియ.

ఫోను పట్టుకుని ఎదురుగా నిలబడినవాడు చివరి సంవత్సరం మెకానికల్. లోతు బావులకి పంపు తయారుచేసినందుకు అందరూ పంపు అనే పిలుస్తారు. ఒక కోల్డ్ స్టోరేజీ వాళ్ళు అతనికి యంత్రాలు చూసే పని ఇస్తామన్నారు, వస్తాడో రాడో మధ్యాహ్నం పన్నెండులోగా చెప్పమన్నారు. ఇప్పుడు పదకొండున్నర.

“ఒక్క మాట చెప్పన్నా. మేళాకొచ్చిన ఆ దేశాల వాళ్ళు మనల్ని ఉద్యోగాలకి పిలుస్తారా, పిలవరా?”

“కూర్చోరా. మొదట్నించీ వింటే నీకే తెలుస్తుంది. ప్రారంభంలో మైకు పోయిందా? ఎవడు బాగుచేశాడు? నేనే. వైరు ఊడింది, పళ్ళతో కొరికి కలిపా.”

“అది నిజమే,” అంది జెరాక్స్ అక్క. పక్క షాపు ఆమెదే. టీకి వచ్చి నిలబడింది.

“చూశావా, సాక్ష్యం! అది చూసి ముందు వరసలో కోటు పెద్దమనిషి లేచొచ్చి నా చెయ్యి పట్టేసుకున్నాడు, మా దేశంలో ఆర్నెల్లుగా కరెంటు లేదు బాబూ, నువ్వే దిక్కన్నాడు, సరే కదాని ఫోన్లోనే వాళ్ళ సబ్‌స్టేషన్ని లైన్లోకి తీసుకుని, ఆ ఎర్ర వైరు పీకు, ఈ నల్ల వైరు పెట్టు అని చెప్తూ పోయా, నేను భోజనం చేసి చెయ్యి కడుక్కునేలోపు దేశమంతా లైట్లు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“బిల్లులొచ్చుంటాయి,” అన్నాడు టీ మాస్టరు.

“నవ్వకు బాబాయ్. ఆ వెలుతురు పక్క దేశానికి కనబడి వాళ్ళూ ఫోను చేశారు. వాళ్ళ నది ఎండిపోయిందట. ఏం చేస్తాం, మన హాస్టల్ ట్యాంకు నుంచి పైపు వేయించా, సముద్రం కిందనుంచి! ఇక్కడ వార్డెన్ వాల్వు తిప్పితే అక్కడ పొలాలు తడుస్తున్నాయి.”

“హాస్టల్లో మాకే స్నానానికి నీళ్ళు లేవన్నా.”

“మరి ఎందుకు లేవనుకున్నావు?”

పంపు కూడా నవ్వేశాడు.

“నీ పంపు కోసం పద్నాలుగు దేశాల మంత్రులు జుట్టూజుట్టూ పట్టుకున్నార్రా. మాకంటే మాకని! యుద్ధం దాకా వెళ్తే నేనే మధ్యలో పడి, కుర్రాణ్ణి ముక్కలు చెయ్యలేం కదా, వారానికో దేశం చొప్పున పంపుతాలే అన్నా. నాలుగొందల మందికి ఆర్డర్లు, ఓడలో బయల్దేరాయి. ఇంకా కోల్డ్ స్టోరేజీ ఏంట్రా, బంగాళాదుంపలకి కాపలా!”

కోతలని పంపుకి తెలుసు. పద్నాలుగు దేశాలు అబద్ధమైనా ఒక్కటైనా నిజం కాకపోతుందా అనుకున్నాడు. ‘రాలేనండి’ అని టైపు చేసి పంపేశాడు.

జెరాక్స్ అక్క గ్లాసు కింద పెట్టింది.

“అయ్యో, పంపించేశావా? నవ్వులాటకి చెప్తున్నాడని ఊరుకున్నానయ్యా. ఆ కోటాయన నా దగ్గర ముప్పై కాపీలు తీయించాడు. ఏం కాగితమో తెలుసా? ఆయన బయోడేటా. ఆయనతో వచ్చిన ఐదుగురూ అంతే. ‘ఇంజనీర్లకు ఉద్యోగాలు, తప్పక రండి’ అని ఆహ్వానంలో మీరే రాశారుగా. ఉద్యోగాలు మీరిస్తారనుకుని వాళ్ళొచ్చారు. వాళ్ళిస్తారని మీరు కూర్చున్నారు. ఆ కోటాయనది ఇరవై రెండేళ్ళ సర్వీసట, ఏడాదిగా ఖాళీ. కన్వీనరు గారు ఎవరికైనా ఒక మాట చెప్తారా అని నన్నడిగాడు.”

టీ మాస్టరు స్టవ్ మంట తగ్గించాడు. పంపు కోల్డ్ స్టోరేజీకి ఫోను చేశాడు. మెసేజీ చూశాం, ఇంకొకళ్ళని వెతుక్కుంటున్నాం అని చెప్పి అవతలి మనిషి పెట్టేశాడు.

కన్వీనరు కాలు దించాడు.

“నువ్వెలాగూ రానన్నావు కదరా,” అన్నాడు చివరికి, మెల్లగా. “ఆ కోల్డ్ స్టోరేజీ నెంబరు ఇలా ఇవ్వు, నా బయోడేటా పంపుతా.”