మునిశేఖర్ కారులో పక్కసీటు

రేణిగుంట గోదాముల దారిలో గంగులమ్మ టీకొట్టు ముందు మునిశేఖర్ నోరు తెరిచాడంటే, లోడు దించే మనుషులు చేతిలో గ్లాసు చల్లారిపోతున్నా కదిలేవాళ్ళు కాదు. ఆ రోజు మాత్రం పొద్దుటి నుంచీ ఒకటే తుంపర. రేకుల కింద బెంచీ మీద ముగ్గురే ఉన్నారు. ఆ ముగ్గురిలో ఒకడు అతనికి కావాలి.

ఎల్లుండి తలకోన వైపు కొండల్లో మూడు రోజుల పోటీ. ఇళ్ళల్లో సొంతంగా కట్టుకున్న బండ్లకే ఆ పోటీ. బండికి ఇద్దరుండాలని రూలు, ఒకడు తోలాలి, ఇంకొకడు పక్కన కూర్చుని దారి చూడాలి. రెండో మనిషి పేరు సాయంత్రం ఆరులోపల ఫోను చేసి చెప్పకపోతే బండిని లిస్టులోంచి తీసేస్తారు. ఏడాదిన్నర తనతోపాటు వెల్డింగు చేసి కారు కట్టిన దయానంద్ పదిరోజుల కింద తప్పుకున్నాడు. ఎందుకు తప్పుకున్నాడో మునిశేఖర్ ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

జనం అతన్ని కోతల మునిశేఖర్ అంటారు. నలభై ఆరేళ్ళ బతుకులో అతను చెప్పినవన్నీ కోతలే, ఆ సంగతి అతనికీ తెలుసు. ఈ కారొక్కటే నిజం. తన చేతులతో కట్టాడు. ఆ ఒక్క నిజాన్నయినా ఉన్నదున్నట్టు చెప్పడం చేతకావడం లేదు, అదీ అతని ఏడుపు.

"మొన్న భాకరాపేట ఘాటులో ఒక మలుపు ఎక్కించినానప్పా," అని చిన్నగానే మొదలుపెట్టాడు. "ఒకే ఒక మలుపు. గేరు మార్చకుండా."

"గేరుంటే గదా మార్చేదానికి," అన్నాడు గురప్ప. ముప్పై ఏళ్ళు లారీ తోలి మానేసినవాడు, అంత తేలిగ్గా దేనికీ ఊఁ కొట్టడు.

గురప్ప అన్నదీ నిజమే. కారుకు ఆటో ఇంజను వెనకవైపు పెట్టేటప్పుడు చోటు చాలక, మునిశేఖర్, దయానంద్ ఇద్దరూ దాన్ని వెనక్కి తిప్పి బిగించేశారు. తీరా స్టార్టు చేసి చూస్తే బండి వెనక్కి పోవడానికి నాలుగు గేర్లు, ముందుకు పోవడానికి ఒక్కటి! ఆ రోజు షెడ్డులో దయానందూ తనూ కింద కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నారు. ఆ నవ్వు మునిశేఖర్‌కు ఇప్పుడు గుర్తొచ్చింది. రెండు గుటకల టీ తాగి సర్దుకున్నాడు.

"కిటుకు అదే గదా గురప్పన్నా! ఏ బండికైనా రివర్సు గేరుకే బలం శానా. ఆ బలంతో నేను ముందుకు పోతా ఉండా. ఇంక కొండ నన్నేం సేస్తాది? ఆ మలుపెక్కినాక ఏమైందో తెలుసా? ముందర ఆర్టీసీ బస్సు, నిండా జనం, ఎక్కలేక ఆయాసపడతా ఉండాది. డ్రైవరు తల బయట పెట్టి, 'అన్నా, రవ్వంత నెట్టు' అన్నాడు. సరేలే పాపమని బంపరు ఆనిచ్చి ఒక్క తోపు తోసినా. ఆ బస్సు పోయి కొండకవతల పీలేరు బస్టాండులో నిలబడింది!"

"పీలేరులోనా!" అన్నాడు గోవిందు.

గోవిందు గోదాములో మూటలు మోస్తాడు. పాతికేళ్ళుంటాయి, ఆర్నెల్ల కిందే పెళ్ళయింది. లోకంలో అందరూ నిజమే చెప్తారనుకునే రకం. మునిశేఖర్ అప్పట్నుంచి వాడి మొహం చూసే చెప్పడం మొదలుపెట్టాడు.

"పీలేరులోనే! టిక్కెట్టు కొట్టేదానికి కండక్టరుకు టైము గూడా దొరకలేదంట. నేనింక దారి వదిలేసి నేరుగా బండ మీదికి తిప్పినా. నిట్టనిలువు బండప్పా. ముందర అద్దంలో ఆకాశం తప్ప ఏమీ కనపడదు. యానకాల ఏందో బరువు తగుల్తా ఉండాదే అని తిరిగి సూస్తే చిరుతపులి! అది గూడా ఎక్కలేక నా బండి బంపరు పట్టుకోని వస్తా ఉండాది. పైన దిగినాక ఒక్కసారి తల వంచి నాకు దండం పెట్టి, దాని పాటికి అది పాయ."

"ఇంతకీ దయానంద్ యాడుండాడప్పుడు?" అన్నాడు బెంచీ చివర కూర్చున్న లోకేష్, చేతిలో ఫోనులోంచి తలెత్తకుండానే.

"వాడా? వాడు వట్టి పిరికోడు. మొదటి మలుపులోనే దిగిపాయె."

అన్న మరుక్షణమే మునిశేఖర్‌కు తన మీద తనకే రోత పుట్టింది. దయానంద్ మలుపులో దిగిపోలేదు. ఎక్కడం బాగానే ఎక్కారు, దిగేటప్పుడు బ్రేకు వేడెక్కి పడనే లేదు. దయానంద్ దూకేశాడు, మెడ కింద ఎముక విరిగింది. బండి మట్టిగట్టుకు గుద్దుకుని ఆగబట్టి తను బతికాడు. "అది బాగయ్యేదాకా ఇంకెవరినీ ఎక్కించుకోవద్దు మునీ," అన్నాడు దయానంద్ ఆసుపత్రి మంచం మీంచి. ఆ తర్వాత మునిశేఖర్ ఒక్కడే షెడ్డులో కూర్చుని బ్రేకు పైపులు రెండుసార్లు మార్చాడు. చదునులో పడుతుంది. దిగుడులో వేడెక్కితే మళ్ళీ పడదు.

ఐదు దాటింది. తుంపర కాస్తా వానైంది. మునిశేఖర్ గొంతు పెంచాడు.

"పులి పాయ గదా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? బండి ఆగదే! కొండ అయిపోయినా ఇంకా ఎక్కతానే ఉండాది. మబ్బుల్లోకి పొయినాను. ఎదురుగా మన రేణిగుంటలో దిగే ఇమానం. పైలట్టు నన్ను సూసి ఇండికేటరేసి పక్కకు తీసినాడు. అద్దం దించి, 'అన్నా, మబ్బులో ఏమీ కనపడలే, రన్‌వే యాడ?' అన్నాడు. 'నేరుగా పో నాయనా, గంగులమ్మ టీకొట్టు పొగ కనపడతాది, ఆడ ఎడమకు తిరుగు' అని దారి సెప్పి పంపించినా."

"అందుకేనా ఆ పొద్దు నా రేకులు లేచిపోయింది!" అంది గంగులమ్మ. లోకేష్ పడీపడీ నవ్వాడు. గురప్ప కూడా మీసాల్లో నవ్వుకున్నాడు.

గోవిందు నవ్వలేదు. "అన్నా, పక్కసీటులో నేను వస్తా," అన్నాడు.

పదిరోజులుగా ఆ మాట కోసమే మునిశేఖర్ తిరగని చోటు లేదు. ఇప్పుడది వినగానే సంతోషం రావాలి. రాలేదు. ఫోను తీసి పోటీవాళ్ళ నంబరు వెతకబోతుంటే, "ఒక్క నిమిషమన్నా, కోమలికి సెప్పేస్తా," అని గోవిందు నగరిలో పుట్టింటికి పోయిన పెళ్ళానికి ఫోను కలిపాడు. అవతల పుట్టింటి మరమగ్గాల చప్పుడులో ఆమె ఏమడిగిందో, వాడు రెండు ముక్కలు చెప్పి ఫోను మునిశేఖర్ చేతిలో పెట్టాడు. "నీతో మాట్లాడతాదంట. నువ్వు సెప్తే ధైర్యంగా ఉంటాది."

"ఉండన్నా, మగ్గం ఆపుతా," అంది కోమలి. చప్పుడు ఆగిపోయింది. "మా ఆయప్ప నిన్ను శానా నమ్మినాడు. నాకు బండి సంగతి ఏమీ తెలీదు. ఎక్కేది సరేన్నా, దిగేటప్పుడు బ్రేకు పడతాదా?"

దానికి జవాబు మునిశేఖర్ నాలుక మీదే ఉంది. నేను బ్రేకేస్తే భూమి తిరిగేది కూడా ఆగిపోతాదమ్మా అనాలి, ఆమె నవ్వాలి, ఆరులోపల పేరు రాయించాలి. ఎదురుగా గోవిందు నిశ్చింతగా టీ తాగుతున్నాడు.

"పడదమ్మా," అన్నాడు మునిశేఖర్.

లోకేష్ ఫోను పక్కన పెట్టేశాడు. గంగులమ్మ స్టవ్వు మంట తగ్గించింది. మునిశేఖర్ తల వంచుకుని, బెంచీ మీదివాళ్ళకూ వినపడేటట్టుగా చెప్పుకుపోయాడు. "దిగుడులో పడదు. దయానంద్ పిరికోడు గాదు. బతికేదానికి దూకినాడు. ఎవరినీ ఎక్కించుకోవద్దని వాడు నాకు సెప్పినాడు. సెప్పినా గూడా నేను నీ మొగున్ని ఎక్కించుకోవాలని సూస్తి. తప్పయిపోయింది తల్లీ."

కోమలి తిడుతుందనుకున్నాడు. తిట్టినా పడదామనుకున్నాడు.

"అట్లయితే ఆ బండిలో నువ్వు మాత్రం ఎట్ల పోతావన్నా?" అంది.

కారు కట్టినంత కాలం దాన్ని చూసి నవ్వినవాళ్ళున్నారు, మెచ్చుకున్నవాళ్ళున్నారు. ఈ మాట అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. మునిశేఖర్ ఫోను గోవిందు చేతికిచ్చేసి, భుజం మీది తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.