సలికి సెమట పట్టించిన సెయ్యి

భావనపాడు రేవు కాడ టీకొట్టు బల్ల మీద కూచుని, రొయ్యల ఫ్యాక్టరీలో పనిచేసే ధనరాజు అందుకున్నాడు.

"ఇన్నావా దానయ్య మావా? నాతో రొయ్యలొలిసే ఆ సుమన్ గాణ్ణి సూపర్‌వైజర్ని సేసీసినారు. రేపట్నుంచి ఆడు నీలం టోపీ ఎట్టుకుని తిరుగుతాడంట, నాను మాత్రం ఐసులో సేతులెట్టి రొయ్యలు ఒలవాలంట! ఏటి సేసినాడని ఆడికిచ్చినారు? మజ్జిమజ్జిన ఏడినీళ్ళ బకెట్లో సేతులు ముంచుకొత్తాడు, పిడికిలి మూత్తాడు, తీత్తాడు. సలికి కండలు బిగిసిపోతాయంట, ఆ సలిలో ఒకే పని అదే పనిగా సేత్తే సేతేళ్ళు కొంకర్లు పోతాయంట, ఎచ్చబెట్టుకుంటే మళ్ళీ సురుగ్గా ఆడతాయంట. ఆడు సెప్పడం, మేనేజరు తలూపడం!"

"నీకు సలెయ్యదేటి అల్లుడా?" అన్నాడు వలలల్లే దానయ్య.

"నాకా! ఒకరోజు ఐసు ఎక్కువేసీసినారు. అందరూ సేతులు సంకలో ఎట్టుకుని నిలబడిపోనారు. సుమన్ గాడు బకెట్ కాడికి పరుగు. నాను కదల్లేదు. ఒలవడం మొదలెట్టినాను. ఒక ట్రే అయిపోనాది, ఇంకోటి అయిపోనాది, ఫ్యాను రెక్కనాగ నా సెయ్యి కనబడ్డం మానీసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఐసు కరిగిపోయి, ఆ నీళ్ళు సలసలా మరిగిపోనాయి!"

"మరి రొయ్యలు ఉడికిపోలేదేటి?"

"ఉడకడానికి టైమేదీ? నన్ను సూసీసరికి భయమేసి, రొయ్యలే గుల్లలిప్పీసుకుని వరసలో ట్రేలోకి దూకీసినాయి! గదంతా ఆవిరి. మేనేజరు సొక్కా ఇప్పీసి, 'బాబూ ధనరాజూ, సెయ్యాపు, ఫ్యాక్టరీ అంటుకుపోతాది' అని కాళ్ళట్టుకున్నాడు. ఆ ఆవిరి బైటికెల్లి టెక్కలి మీద మబ్బు కమ్మీసింది, నందిగాంలో జీడితోటలు తడిసిపోనాయి! అలాంటోణ్ణి వదిలీసి ఆడికా టోపీ? ఆళ్ళమ్మ ఈదంతా లడ్డూలు పంచింది. మా ఇంటికీ తెచ్చింది. నాను ముట్లేదు. మా ఆడది రెండు తినీసి, 'ఎంత బాగున్నాయో' అంటది!"

టీ కోసం వచ్చిన మంగ వెనకాలే నిలబడి అంతా విన్నది. ధనరాజు పని చేసే బల్ల దగ్గరే ఆమె కూడా పని చేస్తుంది.

"వాన దాకా బాగుంది గానీ బావా, నిన్న షిఫ్టు దిగినాక గేటు కాడ సుమన్ నీ సొక్కాకి గుండీలెడతన్నాడేటి?"

"అదా... ఆడికి గుండీలెట్టడం రాదు. నేర్పుతన్నాను."

"మరి మజ్జానం నీ ఏళ్ళు ముడుసుకోపోతే ముద్దలు కలిపి నోట్లో ఎట్టినాడు కదా. అదీ నేర్పుతన్నావేటి?"

బల్ల మీదోళ్ళంతా ఘొల్లున నవ్వారు. ధనరాజు చేతులు రెండూ లుంగీ మడతలో దాచుకున్నాడు. సముద్రం వైపు తిరిగాడు.

"ఆ ముద్దలు కూడా పెద్దపెద్దయి ఎట్టినాడు, ఎదవ," అన్నాడు.