ఫ్లెక్సీ మీద హజరత్తయ్య

ఏందమ్మే చిట్టీ, ఫోను అట్టా నా ముక్కు మీద పెడితే నాకేం కనపడతాది, చదివి చెప్పు. ఊఁ... టెర్రరిస్టులు మళ్ళీ చంపేసినారా? అయ్యో. ఏ తల్లి బిడ్డలో. తర్వాత? రేపు సాయంత్రం కొవ్వొత్తులా, సరే. ఇంక సాయిబుల కాడ ఎవురూ ఏమీ కొనగూడదా? నన్ను ముందు వరసలో నిలబడమంటారా? ఈ గెడ్డంతోనా? ముందు నన్నే తరుముతారు.

కూర్చో. పేరమ్మని నువ్వు చూళ్ళేదు. ఇప్పుడు సెల్ టవరుందే, ఆడుండేది ఆమె ఇల్లు. చేపలమ్మే మనిషి, కేకేస్తే కోట ఊరి దాకా వినపడేది. చానా ఏళ్ళు పిల్లల్లేక కసుమూరు దర్గాలో మొక్కుకుంటే ఒక్క కొడుకు పుట్టినాడు. అందుకని హజరత్తయ్య అని పెట్టుకునింది, మన పక్క అదేం వింత గాదు గదా. వాడు పనికి బొంబాయి పోయినాడు. ఈమె దినామూ ఫోను బూతు కాడికి పోయి "తిన్నావా నాయనా, రైలు వాకిట్లో నిలబడబాక" అని అరిచేది. "అంత గెట్టిగా అరిచేదానికి ఫోనెందుకక్కా" అనేవాడు బూతాయన. వాడు వాకిట్లో నిలబడలా, అమ్మ చెప్పినట్టే లోపల కూర్చున్నాడు. రైళ్ళల్లో బాంబులు పెట్టినోళ్ళకి వాకిలేంది, లోపలేంది.

మీ తాత మస్తానయ్య అప్పుడు ప్రెసిడెంటు. మంచోడే, మైకు కనపడితే మాత్రం మనిషి మారిపోతాడు. సంతాప సభ పెట్టి నెల్లూరు నుంచి ఒకాయన్ని పిలిపించినాడు. ఆయన పేరు గుర్తు లేదు, ఆ ఉడకబోతలో శాలువా తియ్యలేదని మాత్రం గుర్తుండాది. చేపలకి ఐసు తెచ్చే షంషుద్దీను సాయిబు ఇంక పాలెంలో అడుగు పెట్టగూడదని సభలో చెప్పించాలని ప్లాను. శాలువా ఆయన కారు దిగి ఫ్లెక్సీ చూసినాడు, మొహం మాడిపోయింది. "ఏమయ్యా ప్రెసిడెంటూ, చచ్చింది మనోడంటివే, ఈ పేరేంది?" మీ తాత చెవిలో మొక్కు సంగతి గొణిగినాడు. "అట్టయితే జనానికి ఆవేశమెట్టా వస్తాది? మార్చు. హరి అని పెట్టు." ఫ్లెక్సీ మళ్ళీ కొట్టించాలంటే నెల్లూరు పోవాల. తెల్లకాగితం మీద హరి అని రాసి, అన్నం మెతుకులతో అంటించబోయినారు.

పేరమ్మ వచ్చి నిచ్చెన పట్టుకునింది. "దిగు. బాంబు పెట్టినోళ్ళు నా బిడ్డ ప్రాణం తీసినారు, పేరు తియ్యలా. ఆ పని మీరు పెట్టుకున్నారా?" మీ తాత "అత్తా, టీవీ వాళ్ళుండారు" అన్నాడు. "ఉండనీ. ఒరే మస్తానూ, నీ పేరు మీద ఏ కాగితం అంటించుకుంటావు? మీ అమ్మా నేనూ ఒక బండిలోనే గదరా కసుమూరు పోయింది!" శాలువా ఆయన మీ తాత వైపు తిరిగినాడు చూడూ... పాపం, ఆయనకి అప్పటిదాకా ప్రెసిడెంటు గారనే తెలుసు.

మైకు ఆమే తీసుకునింది. "చంపినోళ్ళని శిక్షించండి, వద్దనను. షంషుద్దీనేం చేసినాడు? నా బిడ్డ పెట్టె చుట్టూ ఐసు పేర్చి, చేతులు కొంకర్లు పోయి, పక్కకు పోయి ఏడ్చినాడు. పగ పెట్టుకోమంటారు. ఎక్కడ పెట్టుకునేది? లోపలంతా వాడే ఉండాడు." అంతే, మైకు మీ తాత చేతిలో పెట్టి ఇంటికి పోయింది. సభ అయిపోయింది. శాలువా ఆయన మటుకు చేపల పులుసు తినే పోయినాడు. సాయిబు ఐసులో ఉన్న చేపే. బాగుందన్నాడంట.

మర్నాడు షంషుద్దీను భయపడి రాలా. పేరమ్మే గంపెత్తుకుని వాళ్ళింటికి పోయి, "చేపలు కుళ్ళితే నీ నెత్తిన పోస్తా" అని తిట్టి బండెక్కించింది. ఆమె పోయిన దినం కూడా ఆయనే ఐసు...

సరేలే. ఇంతకీ ఆ మెసేజి పెట్టిందెవురు? మస్తాన్‌బాబా? మీ అన్నేనా? మీ తాత పేరే గదా వాడికి...

ఊఁ. హారను వినపడిందా? షంషుద్దీను కొడుకు ఐసు బండి. ఆ చేపల పెట్టె ఇంకో పక్క పట్టుకో, పద.